అతుకులో లాగుడు

రేణిగుంట, నూనెమిల్లు లైను
1946 నవంబరు 10, కార్తీక పున్నమి పోయిన మర్నాడు

తమ్ముడు ఎల్లప్పకు అక్క గంగులమ్మ రాస్తా ఉండాను.

నీ దగ్గు తగ్గిందా లేదా, అది ముందు చెప్పు. పట్నం నీళ్ళు ఉప్పగా ఉంటాయంట, కాచి చల్లార్చి తాగండి. వసంతమ్మను మెట్లు ఎక్కనీయొద్దు. నెలలు నిండేటప్పుడే ఆడదానికి కాలు జారేది. నువ్వు కూడా ట్రాము పట్టాల మీద నడవొద్దు. నా అచ్చరాలు వంకరగా ఉంటాయి, మిషను బడిలో రెండో పుస్తకంతో నా చదువు ఆగిపోయిందని నీకు తెలుసు గదా. కూడబలుక్కోని చదువుకో.

ఇప్పుడు రాసేది ఆనందమ్మ సంగతి. అల్లుడు తిరుమలయ్య పోయి ఏడాది దాటినా నా బిడ్డ ఈ మిల్లోళ్ళ ఇండ్ల లైను ఇడిసి రానంటా ఉండాది. మిల్లులో శెనక్కాయలు ఏరే పని ఇచ్చినారు, ఇల్లు ఉండనిచ్చినారు, బాగానే ఉండాది. దాన్ని ఒంటిగా ఇడవలేక నేను ఈడికి వచ్చి ఉండాను. నా భయమంతా ఇంటి వెనకాల నిలబడి ఉండే నీళ్ళ తొట్టి మీదనే.

నువ్వు దాన్ని చూడలేదు. రాతి స్తంభాల మీద పెట్టిన పెద్ద ఇనుప పెట్టె అది. యుద్ధం రోజుల్లో రివెట్లు దొరక్క, కరెంటు నిప్పుతో అతికించినారు. మన తిరుమలయ్యే అతికినాడు. మా ఇంటివైపు ఉండే రేకు అతుకు కడాకరిది, దాంతో తొట్టి పని అయిపోవాల. అది ఎంత చేసినా వంకర పోతా ఉన్నింది. పీకేది, కొట్టేది, మళ్ళా అతికేది. ఒకనాడు ఇంటికొచ్చి, ఈ అతుకు నన్ను ఇడిసేటట్టు లేదే అన్నాడంట. ఆ నెలలోనే జొరం వచ్చి పోయినాడు.

ఇప్పుడు చెప్తాను విను. రోజూ మాపటేళ, పొద్దు కొండ వెనక్కి దిగినాక, ఆ తొట్టి పలుకుతుంది. ముందు ఒక దెబ్బ. రవంత సేపు గమ్మున ఉంటుంది. మళ్ళా వెంట వెంటనే రెండు. లోపలినుంచి ఎవరో పిడికిలితో కొట్టినట్టు ఉంటుంది. నేను మొదట్లో మిల్లు సప్పుడు అనుకున్నాను. మిల్లు నిలిపేసిన నాడు కూడా పలికింది.

ఆనందమ్మ ఆ ఏళకు పని ఇడిసి పరిగెత్తుకోని వస్తుంది. తొట్టికి ఇనుప నిచ్చెన ఉండాది, దాన్ని ఎక్కి రేకుకు చెవి పెట్టుకుంటుంది. అల్లుడి సుత్తి ఒకటి ఇంట్లో ఉంటే దాన్ని కొంగులో చుట్టి తీసుకపోయి, అతను కొట్టినట్టే తిరిగి కొడుతుంది. లైనులో వాళ్ళకు నవ్వులాట అయిపోయింది. పక్కింటి సిద్ధమ్మ, "మీ అల్లుడు బతికుండంగా పలికింది తక్కువ, ఇప్పుడే జాస్తి మాట్లాడతా ఉండాడే" అనింది. నేను కూడా నవ్వినాను. నవ్వి ఇంట్లోకి పోయి ఏడిసినాను.

నువ్వు ఇనుము పని చేసేవాడివి. ఇనుము దానంతట అది పలుకుతుందా? పలకదంటే ఆడ ఉండేది ఎవరు? నా బిడ్డను అతను పిలుచుకోని పోతాడని నాకు దిగులు. దాన్ని ఈ తొట్టి కిందినుంచి బయటికి తెచ్చే దోవ ఏదన్నా చెప్పు. మన ఇద్దరిలో నీ మాటంటేనే దానికి మర్యాద.

దగ్గుకు మిరియాల కషాయం మరిచిపోవద్దు.

నీ మేలు కోరే
అక్క గంగులమ్మ


చెన్నపట్నం, పెరంబూరు
1946 నవంబరు 17

అక్కకు ఎల్లప్ప దండాలు.

దగ్గు పోయింది. వసంతమ్మ బాగుండాది, మెట్లు లేని ఇంటికే మారినాము. నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపిస్తే, ట్రాము సంగతికి నవ్వింది.

అక్కా, నువ్వు భయపడొద్దు. ఆ చప్పుడు ఏమిటో నాకు తెలుసు. ఈడ నేను చేసే పనే అది. మా ఇంజనీరు దేవనాథన్ గారి కింద అతికిన రేకుల్ని కొలిచేదే నా ఉద్యోగం. యుద్ధంలో అతికి కట్టిన ఓడలు కొన్ని రేవులో నిలబడి ఉండంగానే రెండుగా పగిలినాయంట. అది మొదలు పెద్దోళ్ళకు ఈ లెక్క అవసరం పడింది.

నీకు అర్థమయ్యేటట్టు చెప్తాను. రెండు రేకులు పక్కపక్కన పెట్టి నడుమ ఉక్కును కరగబోస్తాము. అది ఆరేటప్పుడు కుదించుకోవాలని చూస్తుంది. రెండు పక్కలా చల్లటి రేకు దాన్ని పట్టుకోని కుదించుకోనీయదు. చీర అంచు కుట్టేటప్పుడు నువ్వు దారం మరీ బిగించి లాగితే బట్ట ముడత పడుతుందే, అట్ల అతుకు లాగుతుంది, రేకు ఉబ్బుతుంది. పైకి చూస్తే ఏమీ అగపడదు. ఆ లాగుడు మాత్రం లోపల అట్లనే నిలబడిపోతుంది. ఏళ్ళు గడిచినా పోదు. కోసి చూస్తేనే ఎంత ఉండిందో తెలుస్తుంది. మేము రేకు మీద సూది మొనంత గుంటలు రెండు పెట్టి, వాటి నడుమ దూరం కొలుస్తాము. చుట్టూ కోసేసినాక ఆ ముక్క వెంట్రుక కంటే తక్కువ ముడుచుకుంటుంది. ఎంత ముడుచుకుంటే అంత లాగుడు ఉండినట్టు లెక్క.

మీ తొట్టి రేకు ఉబ్బి ఉంటుంది. ఎండకు బయటికి, చల్లబడితే లోపలికి పోతుంది. కిరసనాయిలు డబ్బా అడుగు వేలితో నొక్కితే టక్కుమంటుంది చూడు, అదే ఇది. చప్పుడు చేస్తా ఉన్నంతకాలం దిగులు లేదు.

అయినా నువ్వు రాసినందుకు ఇంజనీరు గారికి చెప్పినాను. కొలత పంపమన్నాడు. ఆ రేకు రెండు కొనలా రెండు అగ్గిపెట్టెలు పెట్టి, వాటి మీదుగా దారం గట్టిగా పట్టుకోండి. నడుమ దారానికీ రేకుకూ ఎంత సందు ఉండాదో చీపురు పుల్ల తుంచి కొలవండి. మధ్యాన్నం ఒక పుల్ల, చప్పుడైనాక మాపటికి ఒక పుల్ల. మాపటి పుల్లకు ఎర్ర దారం చుట్టి పంపు.

ఆనందమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు. దానికి బుద్ధి ఉండాది, అర్థం చేసుకుంటుంది.

ఎప్పుడూ నీ మాట దాటని
ఎల్లప్ప


రేణిగుంట
1946 నవంబరు 26

తమ్ముడు ఎల్లప్పకు,

వాన పట్టుకోని వదల్లేదు, స్వర్ణముఖిలో నీళ్ళు వచ్చినాయంట. శ్రీకాళహస్తిలో మన ఇంటి వెనక గోడ ఏమైందో, నాకు నిద్ర లేదు. నీకు వీలైతే ఒక ముక్క రాసి కనుక్కో.

నీ ఉత్తరం ఆనందమ్మకు చదివినాను. చదవకుండా ఉండుంటే బాగుండు. అంతా ఇని, ఆ లాగుడు లోపల నిలబడిపోతుంది, ఏళ్ళు గడిచినా పోదు అనే తావ మళ్ళా చదవమనింది. రెండోసారి ఇని, "నేను చెప్తా ఉండేది కూడా అదే గదమ్మా, మామకు కొలతలు తెలుసు, నాకు మనిషి తెలుసు" అనింది.

వాన తెరిపి ఇచ్చిన నాడు నువ్వు చెప్పినట్టే కొలిచినాము. నిచ్చెన మీద ఆనందమ్మ, కింద నేను. మధ్యాన్నం పుల్ల పొట్టిది. రేకు కడుపు పొంగినట్టు బయటికి వచ్చి ఉండాది. మాపటికి దారం పట్టుకోని కాచుకున్నాము. పొద్దు కొండ వెనక్కి పోయింది. కాకులు గూడా గమ్మునైపోయినాయి. నన్ను కూడా పైకి రమ్మని, నా చెయ్యి తీసి రేకు మీద పెట్టించింది. ఎండ దిగినా రేకు ఒంటి వేడిగా ఉన్నింది. మొదటి దెబ్బ పడినప్పుడు నా అరచేతి కింద ఆ రేకు లోపలికి పోయింది తమ్ముడా. మనిషి ఊపిరి తీసుకున్నట్టు పోయింది. నాకు చేతినుంచి భుజం దాకా చిమచిమలాడింది. ఆనందమ్మ నా ముఖం చూసి, ఇప్పుడు తెలిసిందా అన్నట్టు నవ్వింది. అది నవ్వి ఎన్నాళ్ళైందో, ఆ నవ్వు చూస్తే సప్పుళ్ళ కంటే ఎక్కువ భయమైంది.

ఎర్ర దారం చుట్టిన పుల్ల మాపటిది. రెండూ పంపినాను, దోవలో విరగకుండా తాటిరేకులో చుట్టినాను.

ఇంకొకటి. ఆ అతుకు కింది కొనలో తడి వస్తా ఉండాది. చెమట మాదిరి. తుడిస్తే పోతుంది, మళ్ళా వస్తుంది. లైనులో ఆడోళ్ళు చూసి పసుపు కుంకుమ పెట్టినారు. ఆనందమ్మ మాత్రం, జొరంలో కూడా ఆయనకు చెమట అట్లనే పట్టింది అనింది. మిల్లు గుమాస్తాకు చెప్తే, నీళ్ళ తొట్టికి తడి కాక ఇంకేం వస్తుంది ముసలమ్మా, పాలు వస్తాయా అని నవ్వినాడు. పైన మేనేజరుకు చెప్తానన్నాడు.

నువ్వు చప్పుడున్నంతకాలం దిగులు లేదన్నావు. నా దిగులు చప్పుడు మీద కాదు, దాన్ని ఇనేదాని మీద. పుల్లలు చూసి బిన్నా జవాబు రాయి.

అక్క, గంగులమ్మ


పెరంబూరు
1946 డిసెంబరు 7

అక్కా,

పుల్లలు విరగకుండా వచ్చినాయి. ఇంజనీరు గారు వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టుకోని శానా సేపు చూసినాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. రేకు మందం, తొట్టి పొడుగు నీ ఉత్తరంలో లేవు, నేనే అందాజుగా చెప్పినాను. లెక్క వేసి, ఆ అతుకు లోపల లాగుడు ఉక్కు ఓర్చుకునేదాని అంచుకు వచ్చి ఉంటుందన్నాడు. చీపురు పుల్లతో వేసిన లెక్క గాబట్టి తప్పైనా కావచ్చు, తప్పు కావాలనే నేను కోరుకుంటా ఉండాను అని కూడా అన్నాడు.

ముందు నేను రాసినంత ధైర్యం ఇప్పుడు లేదు. ఆ తడి మంచిది కాదు. అతుకు కొనలో సన్నగా చీలింది. దాని మీద ఉత్త అతుకు వేసి మూయకూడదు. తొట్టి పూర్తిగా ఖాళీ చెయ్యాల. చీలిక కొనలో చిన్న బొక్క వెయ్యాల. అతికినాక బూడిద, గోనెపట్టలు కప్పి మెల్లగా, ఒక పూటంతా చల్లారనీయాల. ఇవన్నీ ఇంజనీరు గారు ఇంగ్లీషులో రాసి మిల్లుకు పంపినాడు.

ఆనందమ్మను ఆ సుత్తి ముట్టనీయొద్దు. చీలిన అతుకు పక్కన కొట్టకూడదు.

దాన్ని ఈడికి పంపు. వసంతమ్మకు ఈ నెలలోనే కానుపు, ఇంట్లో ఆడదిక్కు లేదు. ఆ సాకు చెప్పు, వస్తుంది. లేకుంటే నేనే వచ్చి తీసుకపోదును, ఈమెను ఒంటిగా పెట్టి రాలేకపోతా ఉండాను.

శ్రీకాళహస్తి గోడ నిలబడే ఉండాదంట. దాని గురించి నిద్ర చెడగొట్టుకోవద్దు.

ఎల్లప్ప


రేణిగుంట
1946 డిసెంబరు 12

నాయనా ఎల్లప్పా,

ఈ ఉత్తరం చదివి నీ మనసు కుదుటపడాల. అంతా బాగైపోయింది. తొట్టి నెమ్మదించింది.

నీ ఉత్తరం రాకముందే, మొన్న శుక్రవారం మేనేజరు గూడూరునుంచి ఒక అతికేవాణ్ణి పిలిపించినాడు. అభ్రకం గనుల్లో పని చేసినాడంట. మిల్లు నిలపకూడదని నీళ్ళు ఆ తడి కిందికి దించినారు, అంతే. అతను ముఖానికి రేకు కట్టుకోని నిచ్చెన ఎక్కినాడు. ఎల్లప్పా, నేను ఆ నిప్పు చూడలేదు, చూడొద్దన్నారు, గోడ వైపు తిరుక్కోని ఉన్నాను. ఇనింది మాత్రం మరవలేను. ఉస్సురుస్సురుమంటా ఉన్న తొట్టి ఒక్కసారిగా అరిసింది. పురిటి నొప్పులు పడే ఆడదాని అరుపు మాదిరి, సన్నగా, పొడుగ్గా. ఆనందమ్మ రెండు చెవులూ మూసుకోని కింద కూలబడింది.

అతను దిగినాక చూస్తే అతుకు ఇంకా ఎర్రగా ఉండాది. సిద్ధమ్మ, ఇది అమ్మవారి వేడి, ఇట్ల ఇడిస్తే లైనంతా పిల్లలకు పోసి చూపిస్తుంది అనింది. నాకూ అదే తోచింది. ఎవరికి అమ్మ పోసినా మనం చేసేది అదే గదా, వేపాకు పసుపు నీళ్ళు పోసి చల్లబరిచేది. ఇంటికొక కడవ తెచ్చినాము. పెద్దదాన్ని గాబట్టి నన్నే ముందు పోయమన్నారు. నిచ్చెన పొడుగునా ఆడోళ్ళు నిలబడి చేతినుంచి చేతికి అందిచ్చినారు. ఎర్ర ఇనుము మీద నీళ్ళు పడంగానే ఆవిరి లేసి ఎవరి ముఖం ఎవరికీ అగపడలేదు. వేపాకు వాసన లైనంతా నిండింది. కడవలన్నీ అయ్యేలోపల అతుకు నల్లబడింది. అతికినవాడు బీడీ కాల్చుకుంటా, మంచిదే, బిన్నా ఆరుతుంది అన్నాడు.

ఆ మాపటినుంచి తొట్టి పలకలేదు. ఒక్కనాడు కూడా. గ్రహణం నాడు గూడా చెవి పెట్టి చూసినాము, ఏమీ లేదు.

నీ ఉత్తరం తర్వాత వచ్చింది. మెల్లగా చల్లార్చమన్నావు. మెల్లగా కాకున్నా చల్లార్చినాము గదా అని నెమ్మది పడినాను. నీ కొలత కూడా మరవలేదు. దారం పట్టి చూసినాము. మధ్యాన్నానికీ మాపటికీ ఒకటే పుల్ల సరిపోతా ఉండాది. రేకు లోపలికీ బయటికీ పోవడం లేదు. తప్పెట చర్మం మాదిరి బిగిసి ఉండాది. గోటితో మీటితే సన్నగా పలుకుతుంది.

ఆనందమ్మ విషయం ఒక్కటే బాగాలేదు. సప్పుడు ఆగితే దాని పిచ్చి కూడా ఆగుతుందనుకున్నాను. అది తినడం మానేసింది. పట్నం రమ్మన్నావని చెప్తే, "మామకు పురుడు పోసే మనిషి కావాల్నా, నేను కావాల్నా" అనింది. సుత్తి జోలికి పోలేదు, అంతవరకు నయం. తెల్లారకముందే లేసి, మిల్లు గంట కొట్టేదాకా ఆ రేకుకు చెంప ఆనించి నిలబడుకుంటుంది. ఈ చలిలో, మంచులో. ఇంటికి రమ్మని చెయ్యి పట్టుకుంటే ఒకటే మాట చెప్పింది.

"అమ్మా, మీరు ఆయన నోట్లో గుడ్డ కుక్కినారు."

అది అన్నప్పటినుంచి నేను కూడా ఆ తొట్టి వైపు చూడలేకుండా ఉండాను. పలికేటప్పుడు ఇంత భయం కాలేదు. వసంతమ్మకు నొప్పులు మొదలైతే తంతి కొట్టు.

అక్క


పెరంబూరు
1946 డిసెంబరు 15

అక్కా, ఇది చేతికి అందంగానే చదువు.

చప్పుడు ఆగింది మంచికి కాదు. ముందు ఆ రేకు లోపలికీ బయటికీ పోయి కొంత లాగుడు తీర్చుకుంటా ఉన్నింది. ఇప్పుడు కొత్త అతుకు దాన్ని కదలనీయకుండా కట్టేసింది. తడి మీద అతికినారు, దాని మీద చన్నీళ్ళు పోసినారు. అట్ల ఆరిన ఉక్కు గాజు మాదిరి ఉంటుంది. ఉండే లాగుడంతా ఆ గాజు మీదే పడి ఉండాది. నీ ఉత్తరం చదివినప్పుడు ఇంజనీరు గారు కుర్చీలోంచి లేసి నిలబడినాడు. మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టడం లేదు, మీకు చెప్పాల్సినవాడు బీడీ కాలుస్తా నిలబడినాడు.

ఎంత లాగుడు ఉండాదో కొలవచ్చు. ఎప్పుడు తెగుతుందో చెప్పేదానికి లేదు. ఈ రాత్రి తెగొచ్చు, ఏడాది ఉండొచ్చు. అయితే తెగేది చలికే ఎక్కువ. తొట్టి నిండుగా ఉండి, తెల్లవారుజామున చలి గట్టిగా ఉన్నప్పుడు. ఆనందమ్మ ఆ ఏళకే ఆడ చెంప ఆనించి నిలబడుతుందని రాసినావు.

మిల్లుకు తంతి పోయింది. నమ్ముతారో లేదో తెలియదు. మీరు వాళ్ళ కోసం కాచుకోవద్దు. లైనులో అందరికీ చెప్పు. నిజం చెప్తే ఆనందమ్మ కదలకపోతే అబద్ధం చెప్పు. దాన్ని మాత్రం బయటికి తీసుకరా.

ఎల్లప్ప


కరకంబాడి, రాఘవమ్మ గారి ఇల్లు
1946 డిసెంబరు 22

తమ్ముడా ఎల్లప్పా,

మేము బతికే ఉండాము. ముందు ఆ మాట రాస్తా ఉండాను. పై చిరునామా చూసి గాబరా పడొద్దు. రాఘవమ్మ అంటే మిల్లుకు శెనక్కాయలు తోలే రైతు పెళ్ళాం, పొయ్యి పక్కన మాకు తావు ఇచ్చింది.

నీ ఉత్తరం రాంగానే లైనంతా తిరిగి చెప్పినాను. సిద్ధమ్మ, మీ తమ్ముడు పట్నంలో కూర్చోని చీపురు పుల్లతో సోది చెప్తా ఉండాడా అనింది. గుమాస్తా, తంతి వచ్చిన మాట నిజమే, మేనేజరు చిత్తూరు పోయినాడు, వచ్చినాక చూస్తాం అన్నాడు. ఆనందమ్మకు నీ ఉత్తరం చదవలేదు. కట్టేసినాము, లాగతా ఉండాడు, తెగిపోతాడు అనే మాటలు అది ఇంటే ఇంకా గట్టిగా హత్తుకుంటుంది. పురుడు సాకు పనికి రాలేదు. అబద్ధం చెప్పమన్నావు. నోటితో చెప్పే అబద్ధం ఏదీ అది నమ్మదని నాకు తెలుసు. దానికి ఒకే ఒక పలుకు మీద నమ్మకం.

ధనుర్మాసం గదా, ఆడోళ్ళు పొద్దున్నే లేసి ముగ్గులేస్తారు. వాళ్ళకంటే ముందు నేను లేసినాను. ఆనందమ్మ అప్పటికే నిచ్చెన మీద ఉండాది. మంచు దట్టంగా ఉన్నింది, దాని కాళ్ళు మాత్రం అగపడినాయి. నేను ఇనుప రోకలి కొంగులో కప్పుకోని, శెనక్కాయ కయ్య దాటి రైలు కట్ట మీదికి పోయినాను. పట్టా పక్కన కూర్చోని, అతను కొట్టినట్టే కొట్టినాను. ఒకటి. రవంత సేపు ఆగి, రెండు.

బిడ్డను మోసం చేస్తా ఉండాననిపించింది. అయినా ఆపలేదు. మళ్ళా కొట్టినాను. ఇనుము మీద సప్పుడు ఆ మంచులో శానా దూరం పోయింది.

కాసేపటికి ఆనందమ్మ వచ్చింది. పరిగెత్తలేదు. గుడిలో నడిచినట్టు నడుచుకుంటా వచ్చింది. దాని వెనకాల దూరంగా అరుపులు ఇనబడినాయి. ముగ్గు చిప్పలు పారేసి సిద్ధమ్మా వాళ్ళు పరిగెత్తుకోని వస్తా ఉండారు, అది పట్టాల మీద పడుకునేదానికి పోతా ఉండాదని. చంకల్లో పిల్లల్ని కూడా ఎత్తుకొచ్చినారు. మొగోళ్ళు రాత్రి పాళీకి పోయి ఇంకా మిల్లులోనే ఉండారు.

నేను రోకలి ఆపి కట్ట కింద తుమ్మచెట్టు వెనక్కి దిగినాను. అది నన్ను చూస్తే అంతా పోతుంది గదా. నా చేతులు ఒళ్ళో ఉండాయి. రోకలి నేల మీద ఉండాది. ఇది నువ్వు సరిగ్గా చదవాల.

ఆ సప్పుడు ఆగలేదు ఎల్లప్పా.

ఒకటి. రవంత సేపు. రెండు. పట్టా పొడుగునా, కరకంబాడి వైపునుంచి. నేను కూర్చోనుండిన తావునుంచి కాదు, ఇంకా ముందు. ఆనందమ్మ నా ముందరనే పోయింది, నన్ను చూడలేదు. ముఖం నెమ్మదిగా ఉండాది. సప్పుడు ముందుకు పోయేకొద్దీ అది పోతా ఉండాది. దాని వెనకాల లైను ఆడోళ్ళంతా పోయినారు. వాళ్ళకు ఇనబడిందో లేదో నేను ఎవర్నీ అడగలేదు.

అంతలో వెనకనుంచి, కొత్త కోరా బట్ట చింపినట్టు ఒక్క సప్పుడు వచ్చింది. పెద్దది కూడా కాదు. తర్వాత నీళ్ళు. మా ఇల్లు, సిద్ధమ్మ ఇల్లు, ఆ వరసంతా మట్టి గోడలు కరిగి పోయినాయి. కావలి కుప్పయ్య కాలు విరిగింది, రెండు మేకలు పోయినాయి. మనుషులు అందరూ ఉండారు. రేకు గూడూరోడు వేసిన అతుకు కొనలో మొదలై, బాగుండే ఇనుములోకి కత్తితో గీసినట్టు నేరుగా చీలిపోయిందంట. చూసినవాళ్ళు చెప్పినారు. మీ ఇంజనీరు గారి లెక్క తప్పు కాలేదని చెప్పు, ఆయనకు దుఃఖంగానే ఉంటుందేమో.

ఆనందమ్మ అన్నం తింటా ఉండాది. రాఘవమ్మతో మాట్లాడతా ఉండాది. సంక్రాంతి ముందరే నీ కాడికి వస్తానని దానంతట అదే చెప్పింది. నిన్న నా తల దువ్వుతా, "ఆయన నన్ను బయటికి పిలుచుకోని పోయి ఇడిసినాడమ్మా, ఇంక పలకడు" అనింది. నేను దానికి రోకలి సంగతి చెప్పలేదు. చెప్పను. మొదట కొట్టింది నేనే. యాడ ఆపినానో కూడా నాకు బాగా తెలుసు. అదొక్కటే నాకు దిగులుగా ఉండాది.

మీ ఇంజనీరు గారిని ఒక మాట అడుగు. నేనడిగినానని చెప్పొద్దు. రైలు పట్టాలో కూడా ఆ లాగుడు ఉంటుందా అని. చలికి బిగదీసుకోని ఉన్న పట్టా మీద మనిషి కొట్టి ఆపినాక, అది దానంతట అది పలుకుతుందా అని. పలుకుతుందంటే పెద్ద అచ్చరాలతో రాయి, నేను మళ్ళా మళ్ళా చదువుకుంటాను.

పలకదంటే ఆ మాట నాకు రాయొద్దు. వసంతమ్మకు ఏ బిడ్డ పుట్టిందో, ఎవరి పోలికో, అది రాసి ఊరుకో.

అక్క